పదిహేడూ, నేనూ

పోయిన నెల ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఆఫీసులో మీటింగ్ నడుస్తుండగా, చనిపోయిన మనిషి నంబరు నుంచి నాకు ఫోన్ వచ్చింది. తెర మీద 'వెనక పెద్దాయన' అని పడింది. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. గుండె ఆగినంత పనైందని రాస్తే బాగుంటుంది గానీ, అలాంటిదేమీ కాలేదు. ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, ఎదుటివాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాను. మీటింగ్ అయ్యాక బయట మెట్ల దగ్గరికొచ్చి తిరిగి చేశాను.

ఆయన భార్య మాట్లాడింది. "సారు, మంచిగున్నరా? ఆయన సైకిల్ ఈడనే ఉన్నది. మేము ఇల్లు మారుతున్నం, కొత్తింట్ల పెట్టుకోను జాగ లేదు. పాతసామానోనికి ఇయ్య మనసొస్తలేదు. మీల ఎవలన్న తీస్కుంటరేమో అని చేసిన."

"రేపు నేనొస్తానండి," అన్నాను. పెట్టేశాక కాసేపు ఆ మెట్ల దగ్గరే నిలబడ్డాను. సైకిల్ సంగతి కాదు నన్ను పట్టుకున్నది. ఆవిడ ఎదురుగా కూర్చుంటే ఒక మాట చెప్పాలి. ఎనిమిది నెలలుగా చెప్పనిది.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. ఇక్కడ రాయను. ఫొటోలో నిలబడమంటేనే పక్కకి జరిగే మనిషి, అచ్చులో పేరు చూసుకుంటే ఏమంటాడో ఊహించగలను.

మాది ఆదివారం సైకిల్ గుంపు. కేపీహెచ్‌బీ మెట్రో స్టేషన్ కింద తెల్లారేసరికి కలుస్తాం. కార్లు లేవకముందే మాదాపూర్ దాటి, కేబుల్ బ్రిడ్జి ఎక్కి, దిగి, దుర్గం చెరువు పక్కనుంచి తొక్కుకుంటూ, గచ్చిబౌలి మీదుగా ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో వేసిన సైకిల్ దారిలో పడతాం. దాని చివర ఒక టిఫిన్ బండి. అక్కడ ఇడ్లీ, చాయ్, ఫొటో. అక్కణ్నుంచి ఎవరి దారి వారిది. మాలో దాదాపు అందరూ సాఫ్ట్‌వేర్ జనం, ఒకరిద్దరు డాక్టర్లు. సైకిళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. వేలితో ఎత్తగలిగేంత తేలికవి. తొక్కేవాళ్లం మాత్రం తేలికవాళ్లం కాదు.

ఆ గుంపులో ఆయనొక్కడిదే పాత ఇనప సైకిల్. వెనక క్యారియర్, ముందు ట్రింగ్‌మనే బెల్లు. క్యారియర్ మీద పాత ట్యూబు ముక్కతో కట్టిన స్టీలు టిఫిన్ డబ్బా. అందులో పంచరు సామాను, మూడు రకాల ట్యూబులు, ఒక పానా, ఓ పొట్లంలో పుట్నాలూ బెల్లమూ. హెల్మెట్ లేకపోతే గుంపులో రానివ్వరు కాబట్టి పెట్టుకునేవాడు, కానీ దాని కింద రుమాలు చుట్టుకోకుండా కదిలేవాడు కాదు. అరవైకి ఒకటో రెండో తక్కువ. బాచుపల్లి నుంచి తొక్కుకుంటూ వచ్చేవాడు, అంటే మేము మొదలెట్టేసరికే ఆయనకి ఒక విడత అయిపోయేది.

గుంపుకి చివర ఒక మనిషుండాలి. ఎవరి గాలైనా పోతే, ఎవరైనా డీలా పడితే, వాళ్లతో ఆగాలి. ఆ పని ఎవరికీ ఇష్టం ఉండదు. నెమ్మదిగా తొక్కాలి, ఫోన్‌లో సగటు వేగం పడిపోతుంది, సోమవారం ఆఫీసులో చూపించుకోవడానికి ఏమీ మిగలదు. ఆయనకి అలాంటి బాధ లేదు. మాతో ఉన్న నాలుగేళ్లూ చివరే తొక్కాడు. ఆ చోటు ఎవరూ ఇమ్మనలేదు, ఎవరూ తీసుకోలేదు.

నేను మొదటిసారి వెళ్లిన రోజు కేబుల్ బ్రిడ్జి ఎక్కేటప్పుడే నా పని అయిపోయింది. షుగరు వచ్చిందని మా ఆవిడ తరిమితే వెళ్లినవాణ్ని. అందరూ నన్ను దాటుకుంటూ, దాటిన ప్రతివాడూ "కమాన్ అన్నా" అంటూ పోయారు. ఆ మాట విన్నకొద్దీ ఒళ్లు మండింది. చివరికి నా వెనక ఒక్క చైను చప్పుడే మిగిలింది. అది ఎంతకీ నన్ను దాటదు.

"మీరు వెళ్లిపోండి, నేను మెల్లగా వస్తాను," అన్నాను రొప్పుతూ.

"నేను పోతె నీ ఎన్కకు ఎవరుంటరు?"

"ఎవరూ అక్కర్లేదండి. ఎలాగూ నేనే ఆఖరు."

"ఎట్లయితవు? ఆఖరికొచ్చెటోణ్ణి నేను. నువ్వు నాకంటె ముంగట ఉన్నవు గద. నడువు."

తర్కం చూస్తే చిన్నపిల్లలకి చెప్పేదే. కానీ నలభై నాలుగేళ్ల వయసులో, బొజ్జేసుకుని, నడిబ్రిడ్జి మీద నాకది పనిచేసింది. పైకి ఎక్కాక కింద చెరువు కనబడింది. ఆయన ఆగలేదు, నన్ను ఆగనివ్వలేదు. "దిగుట్ల చూస్కుందువు తియ్," అన్నాడు.

చెరువు దగ్గర ఒక మూల, మురుగు నాలా కలిసేచోట, వాన ముందు నురగా కంపూ ఉంటాయి. మావాళ్లు ముక్కులు మూసుకుని గవర్నమెంటుని తిడుతూ పోయేవారు. ఆయన మాత్రం అక్కడ బెల్లు కొట్టేవాడు. ఎందుకని అడిగితే, "మన నీళ్లే గద. పొద్దుగాల మీరు అపార్ట్‌మెంట్ల తానం జేసి వచ్చిన్రు, అవి మీకంటె ముంగట వచ్చినయి. జర పలకరిస్తున్న," అనేవాడు నవ్వకుండా. ఏ నీళ్లు ఏ నాలాలోంచి ఏ చెరువుకి పోతాయో ఆయనకి తెలుసు. ఎలా తెలుసో నేనెప్పుడూ అడగలేదు. ఇలా అడగనివి చాలా ఉన్నాయి.

ఒక బుధవారం, వేరే కంపెనీలో పనుండి కారులో మాదాపూర్ వెళ్లాను. గేటు దగ్గర బూడిదరంగు యూనిఫాంలో, టోపీ పెట్టుకుని ఆయనే. అక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజరని నాకప్పటిదాకా తెలియదు. అద్దం దించి పళ్లికిలించాను. ఆయన సెల్యూట్ కొట్టాడు.

"గుడ్ మార్నింగ్ సార్. ఐడీ కార్డు చూపించండి సార్."

నవ్వు నా మొహం మీదే ఉండిపోయింది. కార్డు చూపించాను. గొట్టానికి బిగించిన అద్దం కారు కిందికి తోసి చూశారు, డిక్కీ తెరిపించారు, రిజిస్టరులో రాయించుకున్నారు. ఆయన కళ్లలో గుర్తు పట్టిన జాడ లేదు. ఆ వారమంతా నాకు అదే కొట్టుకుంది. ఆదివారం రాగానే నిలదీశాను.

"ఏంటండీ, ఎవరో అన్నట్టు చూశారు?"

"ఆడ డ్యూటీ," అన్నాడు నా టైరు నొక్కి చూస్తూ. "నిన్ను ఇడిసిపెడ్తె, నీ ఎన్కొచ్చెటోణ్ణి గూడ ఇడిసిపెట్టాలె. గాలి తక్కువున్నది, ఇటు రా."

ఆదివారాలు నన్ను 'నువ్వు' అనేవాడు. ఇంకెవరూ అనరు. ఆఫీసులో సార్, ఇంట్లో ఏవండీ. ఆ 'నువ్వు' కోసమే సగం ఆదివారాలు వెళ్లానేమో.

ఇక లెక్క సంగతి చెప్పాలి. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ లెక్కే. బయలుదేరేముందు ఎంతమందిమో చూసుకోవాలి కదా. మనుషుల వైపు వేలు చూపించి లెక్కపెడితే ఆయన ఊరుకునేవాడు కాదు. "మనుషులను లెక్కవెడ్తరా? గొర్లా?" అనేవాడు. దిష్టి తగులుతుందని. అందుకని సైకిళ్లన్నీ వరసలో పెట్టించి, ఒక్కో సీటు మీద అరచెయ్యి ఆనించి అంకె చెప్పుకుంటూ పోయేవాడు. మంచులో తడిసిన సీటైనా తుడవడు, చెయ్యి పెట్టాల్సిందే. చివరికొచ్చాక తన సీటు మాత్రం ముట్టుకోడు. తన అంకె చెప్పడు. "పద్నాలుగు, నేను." "ఇరవై ఒకటి, నేను." అంతే, బెల్లు కొట్టేవాడు. మాకూ అదే అలవాటైంది. పద్నాలుగు అంటే పద్నాలుగు, ఆయన కాక.

"మీ సీటు వదిలేశారు," అన్నానొకసారి.

"నేను యాడికి పోత? ఎన్కనే ఉంట గద."

ఒక ఆదివారం టిఫిన్ బండి దగ్గర ఒక సీటు తక్కువొచ్చింది. అప్పటికే గ్లాసుల్లో చాయ్ పోశారు. ఆయన బండి ముందు చేతులు చాపి నిలబడ్డాడు. "మంది తక్కువున్నరు. ఎవలు ముట్టొద్దు." మావాళ్లు గొణిగారు. ఇడ్లీలు చల్లారతాయన్నారు, పెళ్లికి పోవాలన్నారు. "సల్లారితె మల్ల పోపిస్త. మంది తక్కువుంటె గొంతుల ఎట్ల దిగుతది?" అని అందర్నీ వెనక్కి మళ్లించాడు. మూడు కిలోమీటర్లు వెనక్కి తొక్కాం. తీరా చూస్తే ఆ కుర్రాడు చైను తెగి, సైకిల్‌తో సహా క్యాబ్ ఎక్కి ఇంటికెళ్లి నిద్రపోతున్నాడు. మేమంతా వాణ్ని బూతులు తిట్టాం. ఆయన ఫోన్‌లో వాడి గొంతు విని, "మంచిది, పండుకో," అన్నాడు. తిరిగొచ్చి చాయ్ మళ్లీ కాయించుకుని తాగాం. చాలాకాలం ఆ కథ చెప్పుకుని నవ్వుకున్నాం.

చివరి ఏడాది టిఫిన్ బండి దగ్గర లెక్క నాకు అప్పజెప్పాడు. ఆయన రాగానే నల్లా దగ్గరికి పోయి మొహం కడుక్కునేవాడు. నేను సీట్లు ముట్టుకుంటూ పోయి అంకె అరిస్తే, అక్కణ్నుంచే "నేను" అనేవాడు. ఒక్కోసారి అనేవాడు కాదు, నోట్లో పుక్కిలించే నీళ్లుండేవి.

ఆ రోజు మబ్బుగా ఉంది. మెట్రో కింద ఆయనే లెక్కపెట్టాడు. "పదిహేడు, నేను." సోలార్ దారిలో అందరికన్నా వెనక ఒక కొత్తమ్మాయి ఉంది, ఆమె వెనక ఆయన. సగం దారిలో, "నువ్వు నడువు బిడ్డా, రుమాలు సదురుకోని వస్త," అన్నాడట. ఆ అమ్మాయి తొక్కుకుంటూ వచ్చేసింది. ఆమె తప్పేమీ లేదు. ఆయన మాట నమ్మడమే మాకందరికీ అలవాటు.

బండి దగ్గర నేను లెక్కపెట్టాను. హుషారుగా ఉన్నాను ఆ రోజు, ఆయనలాగే అరచెయ్యి ఆనించి, ఆయన గొంతుతోనే అంకెలు చెప్పాను. అందరూ నవ్వారు. "పదిహేడు!" అని అరిచాను. పొద్దున విన్న అంకె పదిహేడు, ఇప్పుడొచ్చింది పదిహేడు. సరిపోయింది. నల్లా వైపునుంచి 'నేను' రాలేదు. పుక్కిలిస్తున్నాడనుకున్నాను. అనుకున్నానో లేదో కూడా నిజానికి తెలియదు. ఆ చప్పుడు కోసం నేను ఆగలేదు. చాయ్ తాగాం. ఫొటో దిగాం. ఎవరి దారిన వాళ్లం వెళ్లాం.

ఇంటికొచ్చి స్నానం చేసి పెసరట్టు తింటుంటే ఆయన ఫోన్ నుంచి ఎవరో ఆడమనిషి. ఆ దారి ఊడ్చే మనిషి. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడనీ, సైకిల్ స్టాండు వేసే ఉందనీ, అలసి కూర్చున్నాడనుకుందనీ, ఊడ్చుకుంటూ పోయి తిరిగొచ్చినా అలాగే ఉన్నాడనీ చెప్పింది. ఆఖరున మాట్లాడిన నంబరు నాదట, చేసింది. నేను చెయ్యి కడుక్కుని బయలుదేరాను. తినే అట్టు సగం ప్లేటులో ఉండిపోయిందని గుర్తుంది. ఇలాంటివే గుర్తున్నాయి.

ఆసుపత్రిలో డాక్టర్ని అడిగాను, ఒక అరగంట ముందు చూసి ఉంటే ఏమైనా అయ్యేదా అని. "చెప్పలేమండి," అన్నాడు. అవుననలేదు, కాదనలేదు. ఆ మాట ఇప్పటికీ నా దగ్గర అలాగే ఉంది.

ఆయన భార్య వచ్చేసరికి మేం ఆరుగురం వరండాలో ఉన్నాం. మాలో ఒకాయన ముందుకెళ్లి, "అందరం పక్కనే ఉన్నామమ్మా. ఏ బాధా లేకుండా పోయారు," అన్నాడు. మంచికే అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. నేను తలూపాను.

ఆ సాయంత్రం గుంపు వాట్సాప్‌లో పెట్టడానికి ఆయన ఫొటో కావాలన్నారు. నాలుగేళ్ల ఫొటోలు వెతికారు, వందల్లో ఉన్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. ఫొటో వేళకి ఎవరి టైరుకో గాలి కొడుతూ ఉండేవాడు. ఒకదాంట్లో మాత్రం పక్కన క్యారియరూ టిఫిన్ డబ్బా కనబడ్డాయి. అదే కత్తిరించి పెట్టారు. ఆ రోజు మేం దిగిన ఫొటో కూడా మిగతా ఫొటోల్లాగే ఉంది, తేడా ఏమీ తెలియదు.

నాకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. మడిచి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూడండి, గిల్లినా తెలియదు, లోపలంతా అలా ఉంది. గుంపుకి వెళ్లడం మానేశాను. షుగరు మళ్లీ పెరిగింది. మా ఆవిడ అడిగితే మోకాళ్లన్నాను.

శనివారం బాచుపల్లి వెళ్లాను. హాస్టళ్ల వెనక సందులో రెండు గదుల ఇల్లు. సగం సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కేసింది. సైకిల్ గోడకి ఆనించి ఉంది, తుడిచి, చైనుకి నూనె వేసి. ఆవిడ కుర్చీ వేసి, నేను వద్దంటున్నా చాయ్ తెచ్చింది. తను ఒక పెట్టె మీద కూర్చుంది.

"ఒక మాట అనుకుంట సారు నేను. పోవుడు ఎవలకైన తప్పది. గని మా ఆయన మీ అందరి నడుమ పోయిండు. గేటుకాడ పోతె ఎవలు చూస్తురు? గదొక్కటే నాకు నిమ్మళం." సైకిల్ వైపు చూసి, "ఆఖరికి ఏమన్న అన్నడా సారు?" అంది.

సగం తాగిన గ్లాసు నా చేతిలో ఉంది. ఏదో ఒకటి చెప్పొచ్చు. పిల్లల్ని తలుచుకున్నాడని చెప్పొచ్చు. తలూపడం ఒకసారి చేసినవాడికి రెండోసారి కష్టం కాదు.

"మేం పక్కన లేమండి," అన్నాను. "ఆయన వెనక ఆగిపోయారు. మేం చూసుకోలేదు. లెక్కపెట్టింది నేనే. ఆయన్ని కలపకుండా లెక్కపెట్టి, సరిపోయిందన్నాను. ఊడ్చే ఆవిడ చూసేదాకా ఒక్కరే ఉన్నారు."

పక్క ఇంట్లో కుక్కర్ కూతలు వినబడ్డాయి.

"చాయ్ తాగిన్రా?" అంది చివరికి.

నాకు అర్థమైంది. చాయ్ ముట్టనివ్వకుండా మమ్మల్ని వెనక్కి మళ్లించిన ఆదివారం కథ ఇంట్లో కూడా చెప్పుకున్నాడన్నమాట.

"తాగామండి."

ఆవిడ తలొంచుకుని చీర కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత చెప్పింది. "ఇంటింటి సర్వేకు వచ్చిన్రు ఒకసారి. మా అందరి పేర్లు, వయసులు అన్నీ రాయించిండు. ఆయన పేరే చెప్పలే. వాళ్లు పోయినంక నేను చూసి, గల్లీ చివరిదాంక ఉరికి రాయించుకొచ్చిన. అడిగితె, నేను ఈడనే ఉన్న గద, కనబడ్తలేనా అన్నడు." నవ్వబోయింది, కుదరలేదు. "నేను ఉరికిన సారు. మీరు ఉరకలే."

"అవునండి."

"చెప్పిన్రు, మంచిగైంది. చెప్పకపోతె గూడ మంచిగుంటుండె." లేచి నిలబడింది. "తాగుండ్రి, సల్లారిపోతది."

తాగాను. అప్పటికే చల్లారింది. గొంతులో దిగడానికి చాలాసేపు పట్టింది.

సైకిల్ ఎవరికీ ఇవ్వలేదు. నేనే తొక్కుకుంటూ ఇంటికి తెచ్చాను. బరువైన సైకిల్. దాని మీద ఎవర్నీ దాటలేం.

మర్నాడు ఆదివారం మెట్రో కిందికి దాని మీదే వెళ్లాను. చూసి ఎవరూ ఏమీ అనలేదు. వరసలో పెట్టమన్నాను, పెట్టారు. నేను చివర స్టాండు వేసి, మొదటి నుంచి ఒక్కో సీటు మీద అరచెయ్యి ఆనిస్తూ వచ్చాను. మంచుకి అన్నీ తడిగా ఉన్నాయి. పదకొండు అయ్యాక ఆయన సైకిల్ దగ్గరికొచ్చాను. ఆ సీటు మీద చెయ్యి పెట్టి, "పన్నెండు" అన్నాను.